లైన్‌మన్ కొలువు: స్తంభం ఎక్కడంతోనే సరిపోదు

జూనియర్ లైన్‌మన్ నియామక ప్రకటన వెలువడితే చాలు, పల్లెల్లో యువకులు స్తంభాలు ఎక్కడం సాధన చేస్తూ కనిపిస్తారు. పాదాలకు బొబ్బలు, మోచేతులకు గీతలు పడినా వెనుకాడరు. ఈ సాధన తీగలు లేని స్తంభంపైనే జరగాలి. కరెంటు ఉన్న లైను కింద అభ్యాసం చేయడం ప్రాణాంతకం. ఉద్యోగం చేతికందాక ప్రాణం నిలిపేది మాత్రం స్తంభం ఎక్కే నేర్పు కాదు. లైనులో కరెంటు లేదని నిర్ధారించుకునే క్రమశిక్షణే. అభ్యర్థుల్లో అధికులు దీని గురించి ఆలోచించేది నియామక పత్రం అందిన తర్వాతే.

అర్హతలు

పదో తరగతి ఉత్తీర్ణతతోపాటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ లేదా వైర్‌మన్ ట్రేడు చదివినవారు ఈ కొలువులకు అర్హులు. ఇంటర్మీడియట్‌లో విద్యుత్ సంబంధిత వృత్తి విద్యా కోర్సు పూర్తిచేసినవారికీ అవకాశం కల్పిస్తున్నారు. ఎలక్ట్రీషియన్ ట్రేడు కాలపరిమితి రెండేళ్లు. ఓమ్ సూత్రం, వైరింగ్, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఎర్తింగ్ ఇందులో ప్రధానాంశాలు. ఓవర్‌హెడ్ లైన్ల పాఠం ఉన్నా అది సిలబస్‌లో చిన్న భాగమే. ఐటీఐ తర్వాత అప్రెంటిస్ చట్టం-1961 కింద విద్యుత్ సంస్థలోనే శిక్షణ పొందితే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఆ అవకాశాన్ని స్టైపెండ్ తక్కువన్న కారణంతో వదులుకునేవారు తర్వాత పశ్చాత్తాపపడక తప్పదు.

ఎంపిక విధానం నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటుంది. తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ 80 మార్కులకు రాత పరీక్ష నిర్వహించి, అందులో 65 మార్కులను ఐటీఐ సిలబస్‌కు, 15 మార్కులను జనరల్ నాలెడ్జ్‌కు కేటాయించింది. ఆ తర్వాత స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం ఎనర్జీ అసిస్టెంట్లుగా జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2 పోస్టులు దాదాపు ఎనిమిది వేల వరకు భర్తీ చేసినప్పుడు స్తంభం ఎక్కడంతోపాటు మీటర్ రీడింగ్, సైకిల్ తొక్కడం కూడా పరీక్షించారు. సైకిల్ పరీక్షను చూసి నవ్వుకున్నవారున్నారు. పొలం గట్ల మీదుగా ట్రాన్స్‌ఫార్మర్ వద్దకు వెళ్లాల్సిన మనిషికి అది నవ్వులాట కాదు.

ఈ కొలువు పురుషులకే పరిమితమన్న భావన కూడా తొలగిపోయింది. తెలంగాణలో 2019 నాటి నోటిఫికేషన్ మహిళలను అనర్హులుగా పేర్కొనగా, కొందరు యువతులు హైకోర్టును ఆశ్రయించారు. న్యాయస్థానం ఆదేశాలతో 2020 డిసెంబరులో నిర్వహించిన పరీక్షలో సిద్దిపేట, మహబూబాబాద్ జిల్లాలకు చెందిన ఇద్దరు యువతులు స్తంభం ఎక్కి ఉత్తీర్ణులయ్యారు.

ఎల్‌సీయే ఆయువుపట్టు

విద్యుత్ శాఖలో నిత్యం వినిపించే మాట ‘ఎల్‌సీ’. లైన్ క్లియర్ అన్న మాటకు ఇది సంక్షిప్త రూపం. 11 కేవీ ఫీడర్‌పై మరమ్మతు చేయదలచిన సిబ్బంది ముందుగా 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లోని ఆపరేటర్‌ను ఎల్‌సీ కోరాలి. ఆపరేటర్ ఆ ఫీడర్ బ్రేకర్‌ను నిలిపివేసి, ఏబీ స్విచ్ తెరిచి, తాళం వేసి, మనుషులు పనిచేస్తున్నారని తెలిపే బోర్డు తగిలించాలి. ఎవరు, ఏ ఫీడర్‌పై, ఏ సమయానికి తీసుకున్నారో రిజిస్టర్‌లో నమోదు చేయాలి. పని పూర్తయ్యాక ఎల్‌సీని తీసుకున్న వ్యక్తే తిరిగి అప్పగించాలి. ఒకే ఫీడర్‌పై ఇద్దరు తీసుకుంటే ఇద్దరూ అప్పగించేంతవరకు లైన్ ఛార్జి చేయరాదు.

చదవడానికి ఇది సులువుగానే తోస్తుంది. వాస్తవంలో ఎల్‌సీ చాలావరకు ఫోన్‌లోనే నడుస్తుంది. గాలివాన రాత్రి అటు ఆపరేటర్‌కు, ఇటు సిబ్బందికి మాట సరిగా వినపడదు. ఒకే సబ్‌స్టేషన్‌లో ‘టౌన్-1’, ‘టౌన్-2’ అనే ఫీడర్లుంటే ఒకటి అడిగితే మరొకటి నిలిపివేసే ప్రమాదం ఉంటుంది. అందుకే అవతలివారు చెప్పిన ఫీడర్ పేరును తిరిగి పలికి నిర్ధారించుకోవడం అనుభవజ్ఞులు ఎన్నడూ మానని అలవాటు.

ఎల్‌సీ చేతికందినా లైనులో కరెంటు లేదని భావించకూడదు. ఏబీ స్విచ్‌లోని మూడు బ్లేడ్లలో ఒకటి తుప్పుపట్టి అతుక్కుపోవచ్చు. హ్యాండిల్ కిందికి లాగితే సరిపోదు, తలెత్తి మూడూ విడిపోయాయా అని కళ్లతో చూడాలి. ఒకే స్తంభంపై రెండు ఫీడర్లు వెళ్లేచోట ఒకటి ఆగినా రెండోది నడుస్తూనే ఉంటుంది. వీటన్నింటికంటే మోసకరమైనది వెనుక నుంచి వచ్చే సరఫరా. ఫంక్షన్ హాలులోనో, రైస్‌మిల్లులోనో సరైన ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ నడిపితే ఆ విద్యుత్తు ఎల్‌టీ లైన్ ద్వారా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేసే పరికరం. 11 కేవీని 400 వోల్టులకు తగ్గించినట్టే, 400 వోల్టులను 11 కేవీకి పెంచుతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తెరిచి ఉన్నా స్తంభంపైనున్న మనిషి చేతిలోని తీగలో 11 వేల వోల్టులుంటాయి.

దీనికి విరుగుడు ఎర్త్ రాడ్లు. పనిచేసే చోటుకు రెండు వైపులా లైనును భూమికి కలపాలి. క్రమం తప్పరాదు. ముందు రాడ్డు తీగను భూమికి బిగించి, ఆ తర్వాతే కొక్కేన్ని లైనుకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు లైను నుంచి, చివరగా భూమి నుంచి విప్పాలి. ఈ వరుస తారుమారైతే రాడ్డు పట్టుకున్న మనిషే భూమికి దారి అవుతాడు. పని ఐదు నిమిషాలదే కదా అని రాడ్లు వాహనంలోనే వదిలేయడం క్షేత్రస్థాయిలో కనిపించే దురలవాటు. కొత్తగా చేరినవారు సీనియర్లను చూసి మొదట నేర్చుకునేదీ అదే కావడం విచారకరం.

శిక్షణ లేని చేతులు

నిబంధనలన్నీ రోలుపై ఉన్న ఉద్యోగికే పరిమితమైనట్టు కనిపిస్తాయి. క్షేత్రంలో మాత్రం లైన్‌మన్ వెంట ఊరి కుర్రాడొకరు సహాయకుడిగా తిరగడం పరిపాటి. సిబ్బంది కొరత, విస్తరించిన పరిధి ఇందుకు కారణాలు. ఐటీఐ చదవని, ఎల్‌సీ అంటే తెలియని ఆ యువకుడే చాలాసార్లు స్తంభం ఎక్కుతాడు. ప్రమాదం జరిగితే అతడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. పరిహారం కోసం కుటుంబం కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. రేపటి కొలువుకు ఇదే శిక్షణ అనుకుని ఈ పనికి దిగే యువకులకు తల్లిదండ్రులు అడ్డుచెప్పడం అవసరం.

రైతుల సంగతీ ఇంతే. పైరు ఎండుతుందన్న ఆందోళనలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెక్కి తామే ఫ్యూజు వేసుకుంటారు. ఎల్‌టీ వైపు ఫ్యూజు పీకినా పైనున్న 11 కేవీ బుషింగులు సజీవంగానే ఉంటాయన్న విషయం తెలియక బలవుతున్నవారున్నారు. పిలిచిన వెంటనే సిబ్బంది వచ్చే పరిస్థితి ఉంటే ఏ రైతూ ఆ సాహసం చేయడన్నది కూడా అంతే నిజం.

తుపాను విధులు, హాట్‌లైన్

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపివేసినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాపై విరుచుకుపడినప్పుడు వేలాది స్తంభాలు నేలకూలాయి. ఇతర జిల్లాల నుంచి సిబ్బందిని తరలించి సరఫరా పునరుద్ధరించారు. పరాయి ప్రాంతంలో ఏ లైను ఎటు వెళ్తుందో తెలియదు. స్థానిక సిబ్బంది తోడు లేకుండా, ఎర్త్ చేయకుండా ఒక్క తీగనూ తాకరాదన్నది అక్కడ మరింత కఠినంగా పాటించాల్సిన నియమం.

సరఫరా నిలపకుండానే లైనుపై పనిచేసే హాట్‌లైన్ విభాగం ఇంకొక మెట్టు. బెంగళూరులో నేషనల్ పవర్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు హాట్‌లైన్ శిక్షణ కేంద్రం ఉంది. ఇన్సులేటెడ్ కర్రలతో దూరం నుంచి, లేదా ప్రత్యేక దుస్తులతో లైనుకు సమాన వోల్టేజీలో ఉండి చేసే పని ఇది. అనుభవం ఉన్న సిబ్బందికే ఈ శిక్షణ ఇస్తారు.

కొత్తగా చేరేవారు తొలిరోజే కొన్ని అడిగి తీసుకోవాలి. పరీక్షించిన రబ్బరు చేతి తొడుగులు, హెల్మెట్, నడుముకు బెల్టు, ఎర్త్ రాడ్లు తన సెక్షన్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. తన పరిధిలోని ఫీడర్లు ఏ స్తంభం వద్ద ఒకదాన్నొకటి దాటుతున్నాయో, ఎక్కడ జనరేటర్లున్నాయో కాగితంపై గీసుకోవాలి. విద్యుదాఘాతానికి గురైనవారికి ప్రథమ చికిత్స వివరించే పటం ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఉండాలన్నది నిబంధన. దాన్ని చదవడంతో సరిపెట్టక, గుండెపై ఒత్తిడి, కృత్రిమ శ్వాస ఇచ్చే విధానాన్ని తోటి సిబ్బందితో కలిసి సాధన చేయాలి. స్తంభంపై నుంచి పడిన మనిషి వద్దకు అంబులెన్సు కంటే ముందు చేరేది పక్కనున్న సహోద్యోగే.