ఉత్తుత్తి గొలుసు కథ

మా బెల్లంకొండ కోట ఎన్నో చేతులు మారింది. రెడ్డిరాజులు ఏలారు, గజపతులు పట్టుకున్నారు. 1515లో కొండవీడు మీదికి దండెత్తిన శ్రీకృష్ణదేవరాయలు అద్దంకి, వినుకొండ, నాగార్జునకొండ, కేతవరం దుర్గాలతో పాటు దీన్నీ వశం చేసుకున్నాడు. కొండ మీద జెండా ఎవరిదైనా కింద చేల లెక్క మాత్రం కరణం ఇంట్లో కవిలె కట్టలోనే ఉండేది. ఏ చేను ఎవరిది, శిస్తు ఎంత, అన్నదమ్ముల వాటా ఎక్కడ తెగింది అన్నది ఆయన రాసిందే రాత. ఆ రాతంటే ఊరికి భయమూ ఉండేది, అనుమానమూ ఉండేది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేస్తే పీడ విరగడైందన్నవాళ్లున్నారు, ఇక లెక్క చెప్పే నాథుడెవడన్నవాళ్లూ ఉన్నారు.

ఆ లెక్క విలువేమిటో పులిచింతల ప్రాజెక్టు వచ్చాక ఈ ప్రాంతానికి బాగా తెలిసొచ్చింది. 45.77 టీఎంసీల జలాశయం కింద కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగాయి. కోహినూరు పుట్టిల్లని చెప్పుకునే కొల్లూరు గనుల చోటు కూడా నీళ్లలోకే పోయింది. మునిగిన చేలోకి అధికారిని తీసుకెళ్లి ఇదిగో నా గట్టు అని చూపించలేరు కదా. నీళ్లొచ్చాక మిగిలే సాక్ష్యం కాగితమే.

అందుకే 2017 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల్ని బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కించే ప్రయోగం కోసం స్వీడన్ కంపెనీ క్రోమావేతో చేతులు కలిపిందన్న వార్త మా వైపు జనాన్నీ ఆకర్షించింది. ఆ కంపెనీ అప్పటికే స్వీడన్ భూమి రికార్డుల సంస్థతో ఇలాంటి ప్రయోగమే నడుపుతోంది. విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ అప్పటికి ఏడాది పాపాయి. అమరావతి భూముల రికార్డుల పనిని హైదరాబాద్ కంపెనీ జెబీ చేపట్టింది. ఎవరూ దిద్దలేని పుస్తకం వస్తోందని పత్రికలు రాశాయి.

కవిలె ఒక్క కరణం దగ్గరే ఉండకుండా ఊళ్లో వందమంది దగ్గరా ఒకేలా ఉంటే ఎలా ఉంటుంది? కొత్త పద్దు రాయాలంటే అందరి పుస్తకాల్లోనూ పడాలి, ప్రతి పేజీకీ ముందు పేజీ ముద్ర ఉండాలి. వెనకటి పేజీలో ఒక్క అంకె దిద్దినా ఆ తర్వాతి ముద్రలన్నీ తప్పుతాయి. బ్లాక్‌చెయిన్ అంటే స్థూలంగా ఇంతే. అది సరే, చెరపలేని పుస్తకంలో మొదటే తప్పు రాస్తే ఏం గతి? ఈ ప్రశ్న భూమి రికార్డుల వాళ్లకంటే చాలా ముందే ప్రోగ్రామర్లకు ఎదురైంది. దానికి వాళ్లు వెదుక్కున్న జవాబే టెస్ట్ నెట్‌వర్క్. అచ్చం అసలు గొలుసులాగే నడిచే ఉత్తుత్తి గొలుసు. అందులో నాణేలకు విలువ ఉండదు, తప్పుకు శిక్ష ఉండదు.

దీని చరిత్ర 2010 అక్టోబరులో మొదలవుతుంది. బిట్‌కాయిన్ పుట్టి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. గ్యావిన్ ఆండ్రెసన్ అనే ప్రోగ్రామర్ బిట్‌కాయిన్‌కు మొదటి టెస్ట్‌నెట్ పెట్టాడు. కొత్త ప్రోగ్రాం రాసినవాళ్లు అసలు డబ్బు పోగొట్టుకోకుండా ఇక్కడ ఆడుకోవచ్చు. ఆలోచన బాగానే ఉంది గానీ మనిషి బుద్ధి ఊరుకుంటుందా? కొద్ది నెలల్లోనే ఆ ఉత్తుత్తి నాణేలను జనం అసలు డబ్బుకు అమ్ముకోవడం మొదలుపెట్టారు. దాంతో 2011లో ఆ గొలుసును పారేసి, మొదటి బ్లాకు నుంచి మళ్లీ మొదలుపెట్టారు. 2012లో మూడోది వచ్చింది. అది పన్నెండేళ్లు బతికింది, చివరికి దానికీ అదే జబ్బు పట్టింది. 2024లో నాలుగోది పెట్టాల్సి వచ్చింది. విలువ లేదని ముందే చాటింపు వేసిన వస్తువుకు విలువ పుట్టించడం మనుషులకే చేతనవుతుంది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువ నవ్వించిన సంగతి ఇదే.

బిట్‌కాయిన్ తర్వాత వచ్చిన మరో పెద్ద గొలుసు ఎథీరియం. దాని వాళ్లు మొదటి నుంచీ ఈ విషయంలో పట్టింపుగా ఉన్నారు. అసలు గొలుసు 2015 జులై 30న మొదలైతే, అంతకు ముందే ఒలింపిక్ అనే ప్రయోగపు గొలుసు పెట్టి, దాన్ని విరగ్గొట్టినవాళ్లకు బహుమతులిస్తామని పిలిచారు. తర్వాత వచ్చిన గొలుసులకు నగరాల రైలు స్టేషన్ల పేర్లు పెట్టడం ఆనవాయితీ అయింది. మోర్డెన్ లండన్‌ది, రోప్‌స్టెన్, రింకెబీ స్టాక్‌హోమ్‌వి, కోవన్ సింగపూర్‌ది, గోర్లీ బెర్లిన్‌ది, సెపోలియా ఏథెన్స్‌ది, హోలెస్కీ ప్రేగ్‌ది. పాలిగాన్ అనే మరో గొలుసు వాళ్లు మన ముంబయి పేరునే తమ టెస్ట్‌నెట్‌కు పెట్టుకున్నారు. 2024లో దాన్ని మూసేశారు.

రోప్‌స్టెన్ కథ కాస్త ఆగి చెప్పుకోదగింది. 2017 ఫిబ్రవరిలో ఎవరో దానిమీద పడ్డారు. ఒక్కో బ్లాకులో ఎంత పని పట్టాలన్న హద్దును ఆకాశానికి ఎత్తి, చెత్త లావాదేవీలతో నింపేశారు. విలువ లేని నాణేల గొలుసుకు కాపలా కాసే కంప్యూటర్లు తక్కువ. కాపలా తక్కువైన చోట అల్లరి తేలిక. మార్చిలో కొందరు తమ కంప్యూటర్ల బలాన్ని దానంగా ఇచ్చి దాన్ని బతికించారు. ఈలోగా కోవన్, రింకెబీ పుట్టుకొచ్చాయి. వాటిలో బ్లాకు రాసే హక్కు ఎవరికిపడితే వాళ్లకు లేదు, పేరున్న కొద్దిమందికే. ఉత్తుత్తి గొలుసుకు కూడా కరణాన్ని పెట్టుకోక తప్పలేదన్నమాట!

గోర్లీకి మళ్లీ పాత జబ్బే. అందులో నాణేల సంఖ్యకు హద్దు ఉండడంతో దొరకడం కరువైంది. 2023 ఫిబ్రవరిలో వాటిని అసలు డబ్బుతో కొనుక్కునే దారి తెరుచుకోగానే ఒక్కోటి డాలరు దాటింది. పాఠాలు నేర్చుకోవాల్సిన పిల్లలకు పలకలు దొరక్కుండా దళారులు దాచేశారు. అందుకని 2023 సెప్టెంబరులో హోలెస్కీని పెట్టినప్పుడు ఏకంగా 160 కోట్ల ఉత్తుత్తి ఈథర్‌ను, అంటే ఎథీరియం నాణేలను, మొదటే పోసేశారు. అసలు గొలుసులో ఉన్నదే 12 కోట్లు. ఆ హోలెస్కీ కూడా మొదటి ప్రయత్నంలో లేవలేదు. ఆరంభపు ఫైలులో పొరపాటు వల్ల సెప్టెంబరు 15న ఆగిపోయి, 28న మళ్లీ మొదలైంది.

అసలు పరీక్ష 2025 ఫిబ్రవరి 24న వచ్చింది. పెక్ట్రా అనే పెద్ద మార్పును ముందుగా హోలెస్కీలో అమలుచేశారు. గొలుసును నడిపే కొన్ని ప్రధాన సాఫ్ట్‌వేర్లలో, బ్లాకులకు కాపలా కాసే వాలిడేటర్లు ఈథర్ జమచేసే డిపాజిట్ కాంట్రాక్టు చిరునామా తప్పుగా ఉంది. చిరునామా ఒక్కటే తప్పు. దాంతో గొలుసు రెండుగా చీలింది, ఎక్కువమంది తప్పు కొమ్మ మీదికి వెళ్లిపోయారు, బ్లాకులు ఖాయం కావడం ఆగిపోయింది. మళ్లీ దారిలో పడేసరికి మార్చి 10. అప్పటికి బయటికి వెళ్లాల్సిన వాలిడేటర్ల వరస ఎంత పొడుగైందంటే, అది తరగడానికి ఏడాది పట్టేలా ఉంది. ఇక అందులో పరీక్షలు సాగవని మార్చి 17న కొత్త గొలుసు తెరిచారు. దాని పేరు హూడి. బెంగళూరు మెట్రో ఊదారంగు లైన్లో వైట్‌ఫీల్డ్ వెళ్లేవాళ్లు రోజూ దాటే స్టేషన్ అది. ఐటీ ఉద్యోగాలకు వెళ్లిన మన తెలుగువాళ్లు ఇల్లు అద్దెకు వెదుక్కునే పేట. పెక్ట్రా అసలు గొలుసులోకి మే 7న వచ్చింది, ఏ గొడవా లేకుండా. ఫిబ్రవరిలో జరిగింది మేలో జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఊహ అక్కర్లేని ఉదాహరణలూ ఉన్నాయి. 2017 నవంబరులో ప్యారిటీ అనే సంస్థ తయారుచేసిన ఉమ్మడి పర్సుల ప్రోగ్రాంలో ఒక గడియ తెరిచే ఉంది. ఎవరో దాన్ని నొక్కి చూశారు. 5 లక్షలకు పైగా ఈథర్ ఇరుక్కుపోయింది, ఇప్పటికీ కదల్లేదు. చెరపలేని పుస్తకం గుణం మంచివాళ్ల పొరపాటుకు కూడా వర్తిస్తుంది.

ఈ పెద్ద గొలుసులన్నీ పదిమంది కలిసి నడిపేవి. వాటి మీదికి రాకముందు ప్రోగ్రామర్ తన సొంత కంప్యూటర్లోనే, ఇంటర్నెట్ కూడా లేకుండా, ఒక్కడే పెట్టుకునే గొలుసు వేరే ఉంది. బిట్‌కాయిన్‌లో దీన్ని రెగ్‌టెస్ట్ అంటారు. అసలు గొలుసులో బ్లాకు కోసం పది నిమిషాలు చూడాలి. ఇక్కడ ఆజ్ఞ ఇచ్చిన క్షణంలో పుడుతుంది. నేర్చుకునేవాళ్లు మొదట 101 బ్లాకులు పుట్టిస్తారు. 100 ఎందుకు కాదంటే, కొత్తగా పుట్టిన నాణెం మీద మరో వంద బ్లాకులు పేరుకుంటే గానీ ఖర్చు పెట్టనివ్వరు. ఎథీరియం వైపు టిమ్ కౌల్టర్ రాసిన టెస్ట్‌ఆర్‌పీసీ ఇదే పని చేసేది. తర్వాత దానికే గనాష్ అని పేరు పెట్టారు. ఒక తరం ప్రోగ్రామర్లు దానితోనే అక్షరాభ్యాసం చేశారు. 2023 సెప్టెంబరులో కన్సెన్‌సిస్ కంపెనీ దాన్ని, దాని జోడీ ట్రఫుల్‌ను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు ఆ స్థానంలో హార్డ్‌హ్యాట్, ఫౌండ్రీ ఉన్నాయి.

నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివే మా బెల్లంకొండ కుర్రాడు ఒకడు సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు హార్డ్‌హ్యాట్‌ను నాకు చూపించాడు. నల్లటి తెర మీద ఒక ఆజ్ఞ కొట్టాడు. ఇరవై ఖాతాలు, ఒక్కో ఖాతాలో 10,000 ఈథర్, పక్కనే వాటి రహస్య తాళాలు బారుగా పడ్డాయి.

"రెండు లక్షల ఈథర్, బాబాయ్. బెల్లంకొండలో నన్ను మించిన కోటీశ్వరుడు లేడు."

"తాళాలు అట్టా అందరికీ కనపడేట్టు పెట్టావేందిరా?"

"నేను పెట్టలా. ఎవడు నడిపినా ఇవే ఖాతాలు, ఇవే తాళాలు. అసలు డబ్బు వీటిలో వేశావంటే పోయినట్టేనని పైన రాసుంది చూడు."

నిజంగానే రాసి ఉంది. ఆ మాట కొట్టిపారేసి పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు, ఎందుకంటే ఆ తాళాలకు చెందిన అసలు ఖాతాల మీద ప్రపంచమంతటా ప్రోగ్రాములు కన్నేసి ఉంటాయి. అంతలో అతను ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు పంపాడు, బ్లాకు నంబరు ఒకటి పెరిగింది. కిటికీ మూసి మళ్లీ తెరిచాడు. గొలుసు మాయం, మళ్లీ సున్నా నుంచి. ఎంత విధ్వంసం చేసినా ఐదు సెకన్లలో తుడిచిపెట్టుకునే చోటు అది.

ప్రభుత్వాలకు, బ్యాంకులకు పనికొచ్చే గొలుసులు మరో జాతి. అందులో నాణెం ఉండదు, చేరేవాళ్లందరికీ గుర్తింపు ఉంటుంది. 2015 డిసెంబరులో లినక్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన హైపర్‌లెడ్జర్ కింద వచ్చిన ఫ్యాబ్రిక్ వీటిలో పేరున్నది. ఈ దారిలో హైదరాబాద్‌కు గట్టి చరిత్రే ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ, 2017 జనవరిలోనే బ్యాంకింగ్‌లో బ్లాక్‌చెయిన్ వాడకం మీద శ్వేతపత్రం తెచ్చింది, దానికి ముందు చిన్న ప్రయోగం నడిపి చూసింది. తర్వాత కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్‌తో కలిసి ఆస్తుల రిజిస్ట్రేషన్‌కు ప్రయోగం చేస్తే, దాన్ని పెట్టి చూసింది తెలంగాణలో శంషాబాద్‌లో. 2024 సెప్టెంబరు 4న కేంద్రం విడుదల చేసిన విశ్వస్య అనే బ్లాక్‌చెయిన్ వ్యవస్థ భువనేశ్వర్, పుణే, హైదరాబాద్ డేటా కేంద్రాల నుంచి నడుస్తోంది. ఐఐటీ హైదరాబాద్, ట్రిపుల్ఐటీ హైదరాబాద్ దాని తయారీలో ఉన్నాయి. దానితో పాటు వచ్చిన ఎన్‌బీఎఫ్‌లైట్ అచ్చంగా స్టార్టప్‌లు, కాలేజీలు ప్రయోగాలు చేసుకోవడానికి ఉద్దేశించింది. పెద్ద పెద్ద ప్రకటనల కంటే నాకు ఈ చిన్న ముక్కే ముఖ్యమనిపిస్తుంది. 2017 నాటి హడావిడిలో లేనిది ఇదే. అప్పుడు అందరూ చెరపలేని పుస్తకం గురించే మాట్లాడారు, చెరుపుకోగలిగే చిత్తుపుస్తకం కాలేజీ కుర్రాళ్లకు ఎవరిస్తారని అడిగినవాళ్లు తక్కువ.

మా కుర్రాడు ఈ మధ్య ఫ్యాబ్రిక్‌కు మారాడు. దాని నమూనాల్లోనే టెస్ట్ నెట్‌వర్క్ అని ఒకటి కట్టి ఇస్తారు. ఒక్క స్క్రిప్టు నడిపితే, ఒకే కంప్యూటర్లో ఉత్తుత్తి కంప్యూటర్లు లేపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు సంస్థలు, పద్దులను వరసలో పెట్టే కంప్యూటర్ ఒకటి లేస్తాయి. మామూలుగా ఏ పద్దు పడాలన్నా రెండు సంస్థలూ సంతకం చేయాలి. అతను ఒకదానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసని, రెండోదానికి తహశీల్దారు ఆఫీసని పేరు పెట్టుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఒక చోట, మ్యుటేషన్ ఇంకో చోట అయ్యే మన పద్ధతి తెలిసినవాళ్లకు ఆ పేర్లలోని చమత్కారం అర్థమవుతుంది. ఒకే చేనును ఇద్దరికి అమ్మి చూశాడు. రెండో అమ్మకాన్ని గొలుసు తోసిపుచ్చింది. ఒక ఆఫీసు కంప్యూటర్‌ను ఆపేసి చూశాడు. పద్దు పడలేదు.

తర్వాత తండ్రి ఎకరం ముప్పావు చేనును కావాలనే రెండెకరాలని ఎక్కించాడు. రెండు ఆఫీసుల సంతకాలూ పడ్డాయి, ముద్ర సరిపోయింది, గొలుసు ఏమీ అనలేదు. ఆ పావెకరం ఎవరిదో పక్క చేను ఆసామిని అడగాలి, గొలుసు లాగి సర్వే రాయి దగ్గర కొలవాలి. దానికి డాకర్ లేదు. కుర్రాడు స్క్రిప్టుకు ఆపేయమని ఆజ్ఞ ఇచ్చాడు, రెండు ఆఫీసులూ ఆ రెండెకరాలూ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి.