కండ్లు పెద్దగ కావాలంటే

మా దిక్కు ఆడపిల్ల పుట్టిందంటే, చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు ఒంటి రంగు తర్వాత చూసేది కండ్లనే. "చారెడేసి కండ్లు" అన్నారా, ఆ తల్లి ముఖం వెలిగిపోతుంది. "కండ్లు జర చిన్నగున్నయి, రోజూ కాటుక పెట్టు, పెద్దగైతయి" అన్నారా, ఇక ఆ ఇంట్లో కాటుక డబ్బా మూతపడదు. మా పెద్దమ్మాయి విషయంలో మేము విన్నది రెండో మాట. ఇరవై ఏళ్ళుగా వింటూనే ఉన్నాం. బారసాలలో విన్నాం, పెళ్ళిళ్ళలో విన్నాం, నిన్నగాక మొన్న ఒక పెళ్ళిసంబంధం మాటల్లో కూడా విన్నాం. ఇప్పుడది ఫోనులో వీడియోలు చూసి ఐషాడో వేసుకోవడం నేర్చుకుంటోంది. "అమ్మా, నావి చిన్న కళ్ళు కావు, హుడెడ్ ఐస్ అంటారు" అని నాకు పాఠం చెప్పింది. పైరెప్ప మీది చర్మం కాస్త కిందికి వాలి మడతను కప్పేసే కళ్ళట. కళ్ళకు ఇన్ని ఆకారాలు, వాటికి ఇన్ని పేర్లు అమెరికా వాళ్ళే పెట్టారా, మన దగ్గర కూడా ఉన్నాయా అని వెతకడం మొదలుపెడితే, నల్గొండ, పాలమూరు దాటి పోనవసరం లేకుండానే చాలా దొరికింది.

ముందు కాటుక సంగతి. మా ఎర్ర చెల్క నేలల్లో వాన మీద ఆధారపడి పండే పంటల్లో ఆముదం ముఖ్యమైనది. దేవరకొండ, కల్వకుర్తి వైపు ఒకప్పుడు ఎటు చూసినా ఆముదపు చెట్లే. ఉమ్మడి రాష్ట్రంలో ఆముదం పంట అంటే మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల పేర్లే ముందు చెప్పేవారు. తర్వాత పత్తి వచ్చి దాని చోటు చాలావరకు తీసుకుంది. ఇంట్లో వంటాముదం తీసేవారు. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్ళలో ఉడకబెడితే నూనె పైకి తేలుతుంది. దాన్ని నెమ్మదిగా తీసి, మళ్ళీ కాచి, తడి ఇగిరాక సీసాకు పోయడమే. అదే తలకు, అదే పిల్లల కడుపునొప్పికి, అదే బండి ఇరుసుకు, అదే దీపానికి. గ్యాసునూనె బుడ్లు, ఆ తర్వాత కరెంటు వచ్చేదాకా ఇంటి వెలుగంతా దాదాపు ఆ చెట్టుదే. కాటుక కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆముదపు దీపం నిదానంగా కాలుతుంది. పైన పళ్ళెం బోర్లిస్తే మెత్తటి మసి పడుతుంది.

మా అత్తమ్మ ఇప్పటికీ చేస్తుంది. తెల్లటి నూలుగుడ్డను గుంటగలగరాకు రసంలో తడిపి నీడకు ఆరబెడుతుంది. రెండు మూడుసార్లు అలా చేశాక వత్తి చేస్తుంది. మట్టి ప్రమిదలో ఆముదం పోసి, వత్తి వెలిగించి, అటు ఇటు రెండు ఇటుకలు పెట్టి, వాటి మీద ఇత్తడి పళ్ళెం బోర్లిస్తుంది. ఇటుకలు మరీ ఎత్తుంటే మసి గాలికి పోతుంది, మరీ దగ్గరైతే దీపం ఆరిపోతుంది. ఆ ఎత్తు ఆమె కొలవదు, చూస్తే తెలుస్తుందంటుంది. తెల్లారి ఆ మసిని గీకి, చుక్క నెయ్యి వేసి, వేలితో మెదిపి, కాటుక కాయలో పెడుతుంది. శాస్త్రం భాషలో చెప్పాలంటే అది పూర్తిగా కాలని నూనె వదిలిన బొగ్గుపొడి. వెలుగును అంతగా మింగేది ఇంకోటి ఇంట్లో దొరకదు. దాని పక్కన కంటి తెలుపు ఇంకా తెల్లగా కనబడుతుంది. కాటుక చేసే మాయంతా అంతే.

ఇక ఆకారాల లెక్క. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రసూత్రం అని ఒక భాగం ఉంది, బొమ్మలు వేసేవాళ్ళకు పాఠం లాంటిది. అందులో కళ్ళను ఐదు రకాలుగా చెప్పారు. విల్లులాంటి కన్ను, చేప కడుపులాంటి కన్ను, నల్లకలువ రేకు, తామర రేకు, చివరగా శరాకారం. ఒక్కోదానికి ఎంత వెడల్పు ఉండాలో యవలలో, అంటే బార్లీ గింజలలో కొలతలు ఇచ్చారు. విల్లుకన్ను 3 యవలు, చేప కడుపు 4, కలువ 6, తామర 9, చివరిది 10. ఇంతవరకు చదివి, సరే, ఇక్కడ కూడా పెద్ద కళ్ళకే పెద్దపీట వేసి ఉంటారనుకున్నాను. కాదు! ధ్యానంలో ఉన్న యోగికి విల్లుకన్ను. ఆడవాళ్ళకు, ప్రేమలో ఉన్నవాళ్ళకు చేప కడుపు కన్ను. నెమ్మదిగా ఉన్నవాళ్ళకు కలువ రేకు. అంత విశాలమైన తామర రేకు కన్ను ఎవరికో తెలుసా? భయపడ్డవాళ్ళకు, ఏడుస్తున్నవాళ్ళకు. అన్నిటికన్నా పెద్దది కోపంలో, బాధలో ఉన్నవాళ్ళకు.

ఇది చదివాక పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఇన్నేళ్ళూ మా పిల్లకు మేము కావాలనుకున్నది భయపడ్డ మనిషి కన్నా? ఆ పాతకాలపు బొమ్మలవాళ్ళ లెక్కలో కన్ను ఆకారం మనిషికి పుట్టుకతో అంటిన గుర్తు కాదు, ఆ నిమిషంలో మనసు ఎట్లుందో చెప్పేది. ప్రేమగా చూసే కన్ను కాస్త ముడుచుకుంటుంది, ఆ సంగతి ఇంట్లో ఎవరినైనా గమనిస్తే తెలుస్తుంది.

అలంపురం వెళ్ళినవాళ్ళు అక్కడి నవబ్రహ్మ ఆలయాల్లో బాదామి చాళుక్యుల కాలపు శిల్పాలు చూసే ఉంటారు. ఇప్పుడది జోగులాంబ గద్వాల జిల్లా, మొన్న మొన్నటిదాకా పాలమూరే. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుడి కాలానిది, ఆయన 681 నుంచి 696 వరకు ఏలాడు. ఈసారి వెళ్ళినప్పుడు గోడల మీది జంటల కళ్ళు మాత్రమే చూసుకుంటూ నడవండి. కింది చూపు, సగం మూసిన రెప్ప. మా అమ్మాయి వీడియో భాషలో అవన్నీ హుడెడ్ ఐస్! శిల్పి దగ్గర రంగు లేదు. రెప్పను ఉబ్బెత్తుగా వదిలితే దాని మీద వెలుగు పడుతుంది, కనుబొమ్మ కింద లోతుగా తొలిస్తే అక్కడ నీడ నిలుస్తుంది. ఈ రోజు రెప్ప మీద లేతరంగు, మడతలో ముదురురంగు వేయమని చెప్పేవాళ్ళు బ్రష్షుతో చేస్తున్నది ఉలి చేసిన పనినే. షాడో అంటే నీడే కదా.

సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి కూడా చెప్పుకోవాలి. (పాలమూరులో ఉన్న పిల్లలమర్రి పెద్ద మర్రిచెట్టు. ఇది ఊరు, గుళ్ళ ఊరు. చుట్టాలు ఒకటి చెబితే ఇంకోటనుకుని బస్సెక్కినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.) కాకతీయుల కింద రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ళు అక్కడున్నాయి. వాటిలో ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది ఒక ఇల్లాలు, బేతిరెడ్డి భార్య ఎరకసాని. నునుపుగా మెరిసే నల్లరాతి స్తంభాల మీద చిన్న చిన్న ఆడబొమ్మలు. వీళ్ళ కళ్ళు అలంపురం కళ్ళలా కాదు, పక్కకు సాగుతాయి. పొడవు పెరిగింది కానీ వెడల్పు పెరగలేదు. తర్వాత విజయనగర కాలంలో లేపాక్షి కప్పు మీద వేసిన బొమ్మల్లో ఆ గీత ఇంకా సాగి చెంప దాకా పోయింది. కూచిపూడి ఆడేవాళ్ళు ఈ రోజుకీ కంటి చివర గీత బయటికి లాగేది అందుకే, దూరాన కూర్చున్నవాళ్ళకు చూపు ఏ పక్కకు తిరిగిందో తెలియాలి.

మా ఊళ్ళల్లో బాగోతం ఆడేవాళ్ళకు ముఖానికి అర్దళం, కళ్ళకు కాటుక. పసుపుపచ్చగా మెరిసే ఆ అర్దళం ఒక ఖనిజం, అందులో ఉన్నది పాషాణమే. దివిటీల వెలుగులో బంగారంలా కనబడేది. అందం కోసం విషం పూసుకోవడం కొత్తేమీ కాదు. ఈజిప్టువాళ్ళు వేల ఏళ్ళ కిందట కళ్ళకు పూసిన నల్లరంగు సీసపు ఖనిజం, ఆకుపచ్చ రంగు రాగి ఖనిజం. నిజాం కాలంలో మన దగ్గర బాగా వాడిన సుర్మా కూడా ఆ వరసదే. ఆ విషయానికి మళ్ళీ వస్తాను.

సినిమా వచ్చాక కళ్ళ కొలత మళ్ళీ మారింది. 1957 నాటి మాయాబజార్‌లో సావిత్రి కళ్ళు చూసి పెరిగిన తరానికి, బాపు బొమ్మలు చూసి పెరిగిన తరానికి, ఆడదాని కన్ను అంటే అదే అయిపోయింది. నలుపు తెలుపు సినిమాలో రంగు లేదు కాబట్టి కన్ను పెద్దదిగా, గీత స్పష్టంగా ఉంటేనే భావం తెర చివరిదాకా చేరుతుంది. అది తెర అవసరం, మన ఇంటి అవసరం కాదు. కానీ పెళ్ళిచూపులకు పోయే ఫొటోల్లో ఆ కొలతే వచ్చి కూర్చుంది. పాత స్టూడియోల్లో నెగెటివ్ మీద పెన్సిలుతో కళ్ళకు, కనుబొమ్మలకు మెరుగులు దిద్దేవాళ్ళు ఉండేవారు. 1952లో టాటావాళ్ళు లాక్మే మొదలుపెట్టాక మేకప్ సామాను మన దేశంలోనే తయారవడం పెరిగింది, అయినా మా పల్లెల్లో రెప్ప మీద రంగు అంటే చాలాకాలం నాటకాలవాళ్ళదే.

ఇప్పుడు మా అమ్మాయి దగ్గర నేను నేర్చుకున్నది చెబుతాను, ఎందుకంటే అందులో కాటుక గురించి మేము నమ్మినదానికి పూర్తిగా ఎదురు మాట ఒకటుంది. చిన్న కంటికి లోపలి అంచున, రెప్పవెంట్రుకల లోపల, నల్లగా కాటుక నింపితే కన్ను ఇంకా చిన్నగా కనబడుతుంది! చుట్టూ నల్లగోడ కట్టినట్టు తెల్లభాగం తగ్గిపోతుంది. వెంట్రుకల బయట, పైరెప్ప మీద, కంటి చివరికి పోను పోను కొంచెం మందంగా గీస్తేనే సాగినట్టుంటుంది. పిల్లలమర్రి శిల్పికి తెలిసిన సంగతే. లేత రంగు ముందుకు తెస్తుంది, ముదురు రంగు వెనక్కి నెడుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి. లోతుగా ఉన్న కళ్ళకు రెప్ప మీద లేతరంగు చాలు, మడతలో నలుపు వేస్తే ఇంకా లోపలికి పోతాయి. ఉబ్బు కళ్ళకు మెరుపురంగులు వద్దు, మెరుపులేని ముదురు రంగు రెప్పంతా పల్చగా. గుండ్రటి కళ్ళకు బయటి చివర ముదురు చేసి పక్కకు అద్దాలి. దగ్గర దగ్గరగా ఉన్న కళ్ళకు ముక్కు వైపు మూలలో లేతరంగు చుక్క.

హుడెడ్ కళ్ళకు చిట్కా ఏమిటంటే కన్ను మూసి వేయకూడదు. మూసి వేసినదంతా తెరవగానే మడతలో దాక్కుంటుంది. అద్దంలోకి సూటిగా చూస్తూ, మడతకు కాస్త పైన, కనబడే చోట ముదురురంగు వేయాలి. నలభై ఐదు దాటాక మనందరి రెప్పలూ కాస్తో కూస్తో వాలుతాయి కాబట్టి ఈ చిట్కా నాకూ పనికొచ్చింది. ఇంకోటి, బయటి వీడియోల్లో వేసే లేత గులాబీ, లేత నీలం మన చామనఛాయ మీద బూడిద చల్లినట్టుంటాయి. రాగి రంగు, కాల్చిన ఇటుక రంగు, ముదురు వంగపండు, నెమలికంఠం అయితే చర్మంలో కలిసి వెలుగుతాయి.

సీసం సంగతికి వస్తానన్నాను. సుర్మా పేరుతో అమ్మేవాటిలో సీసపు ఖనిజం ఉండటం చాలాసార్లు బయటపడింది. చిన్నపిల్లల వేళ్ళు కంట్లో, ఆ వేళ్ళే నోట్లో. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే అమెరికాలో కాటుక, సుర్మాలను కంటి అలంకరణకు అనుమతించరు. కోడలి పురుటికని పోయే మా దిక్కు అమ్మమ్మలు, నానమ్మలు సూట్‌కేసులో కాటుక డబ్బా పెట్టుకుని పోయి, అక్కడి పిల్లల డాక్టరు వద్దంటే మనసు కష్టపెట్టుకోవడం నాకు తెలిసిన ఇళ్ళల్లోనే జరిగింది. ఇంట్లో ఆముదంతో చేసినదాంట్లో సీసం భయం తక్కువే, కానీ పసికందు కంట్లో వేలు పెట్టి రుద్దితే సూక్ష్మక్రిములు చేరతాయి, నీటికాలువ మూసుకుంటుంది. ఇక్కడి డాక్టర్లూ వద్దనే అంటున్నారు. కాటుకతో కన్ను పెద్దదవుతుందన్నది మాత్రం ఎక్కడా నిలబడని మాట. కన్ను ఎంత కనబడుతుందన్నది ఎముక గూటిని, రెప్పల తీరును బట్టి ఉంటుంది.

పోయిన కార్తీకంలో మా ఆడబిడ్డ మనవరాలికి ఇదే గొడవ వచ్చింది. బాలింత వద్దంది, ఆడబిడ్డ పెట్టాల్సిందేనంది. అత్తమ్మ ఇద్దరి మాటా విని, కాటుక కాయ తెరిచి, పిల్ల అరికాల్లో ఒక చుక్క, చెవి వెనుక ఒక చుక్క పెట్టింది. "కండ్లకెందుకే, దిష్టికి కదా పెట్టేది" అని మూత బిగించింది. గీకగా మిగిలిన మసి పళ్ళెంలో ఇంకా ఉంటే, మా అమ్మాయి దాన్ని తీసుకుపోయి కొంచెం ఆముదంలో కలిపి సన్నటి బ్రష్షుతో తన పైరెప్ప మీద గీత గీసుకుంది, చివర కాస్త బయటికి లాగి.