తుపాకీ మీద దుర్భిణి: మూడు కొటేషన్ల చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా పంపమని సంపాదకులు కోరారు. పే రివిజన్ల చరిత్ర, సంఘం చరిత్ర, ఊరి గుడి చరిత్ర నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. వారి జోలికి పోకుండా ఒక చిన్న వస్తువు చరిత్ర రాస్తున్నాను. అది వేట తుపాకీ మీద బిగించే దుర్భిణి. అమెరికాలో దానిని స్కోపు అంటారు.

సర్వే శాఖలో ఎల్.డి.సి.గా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2008లో రిటైరైన వాడికి తుపాకీతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. నా సర్వీసులో చాలా కాలం ఇన్‌స్ట్రుమెంట్ల స్టోర్సు సీటులో గడిచింది. థియోడొలైటు దుర్భిణి, తుపాకీ దుర్భిణి అన్నదమ్ముల బిడ్డలు. రెంటికీ ముందు పెద్ద కటకం, వెనుక కన్ను పెట్టే కటకం, నడుమ గురి కోసం నిలువుగా, అడ్డంగా సన్నని తీగలు. పాత రోజుల్లో ఆ తీగలు సాలెపురుగు దారాలే. మా ఆఫీసు మెకానిక్ పాత గదిలోని సాలీడును పట్టి, దాని దారాన్ని చీలిక పుల్లకు చుట్టి దాచేవాడు. ఒక్క తేడా ఉంది. పాత థియోడొలైటులో మనిషి తలకిందులుగా కనబడతాడు, కొలతకు దానివల్ల నష్టం లేదు. వేటగాడికి జింక తలకిందులుగా కనబడితే పని జరగదు. అందుకని తుపాకీ దుర్భిణిలో బొమ్మను నిలబెట్టే మరో జత కటకాలు ఉంటాయి. తగవులన్నీ అక్కడే మొదలవుతాయి. కటకం పెరిగిన కొద్దీ ధర పెరుగుతుంది, వెలుతురు తరుగుతుంది, కదిలిపోయే భాగం ఇంకొకటి చేరుతుంది.

1930కి ముందు మంచి దుర్భిణి అంటే ఎక్కువగా జర్మనీ నుంచి వచ్చేది. అది కలవారి వస్తువు. ఆ ఏడాది, ఆర్థిక మాంద్యం మొదలైన రోజుల్లో, విలియం వీవర్ అనే యువకుడు 330 అనే మోడల్‌ను బిగింపుతో సహా 19 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. ముప్పావు అంగుళం గొట్టం, మూడు రెట్లకు లోపే పెద్దది చేసి చూపే శక్తి. చూడటానికి పేదగా ఉన్నా పనిచేసింది. 1933లో ఆయన టెక్సాస్‌లోని ఎల్‌పాసోకు మారాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం అదే దుర్భిణికి ఎం73బి1 అని పేరు పెట్టి రైఫిళ్ల మీద ఎక్కించింది. మధ్యతరగతి వేటగాడి చేతికి దుర్భిణి ఇచ్చినవాడు వీవరేనని నా అభిప్రాయం.

రెండవ కంపెనీ కథ చదివి నేను కుర్చీలో లేచి కూర్చున్నాను. లుపోల్డ్ వారు 1907లో ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో పెట్టింది సర్వే పరికరాల రిపేరు దుకాణం! తరువాత స్టీవెన్స్ అనే ఇంజనీరు 1914లో చేరి నదుల నీటిమట్టం దానంతట అదే నమోదు చేసే యంత్రం తెచ్చాడు. ఇరిగేషన్‌లో చేసిన మిత్రులకు ఆ జాతి యంత్రం చెప్పనక్కరలేదు. ఇక తుపాకీ దుర్భిణిలోకి ఎలా దిగారన్నది ఆ ఇంట్లో చెప్పుకునే కథ. మార్కస్ లుపోల్డ్ వేటకు వెళ్లి జింకను గురి చూస్తే, లోపల ఆవిరి పట్టి ఏమీ కనబడలేదట. ఇంతకంటే మంచిది నేనే చేయగలనని కోపంతో అన్నాడట. 1947లో వారి మొదటి దుర్భిణి వచ్చింది. తరువాత గొట్టంలోని తేమగాలి తీసివేసి, నైట్రోజన్ నింపి, సీలు వేశారు. తేమే లేకపోతే ఆవిరి పట్టేది ఎక్కడ? ఆషాఢ మాసంలో క్యాంపు నుంచి తిరిగి వచ్చిన థియోడొలైటును ఎండలో పెట్టి గంటల తరబడి ఎదురుచూసిన వారికి ఈ సంగతి విలువ తెలుస్తుంది.

మూడవది కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లోని రెడ్‌ఫీల్డ్. 1960ల నాటికి అమెరికాలో మామూలు ఉద్యోగి, రైతు దుకాణానికి వెళితే ఎదుట ఉండేవాటిలో ఈ మూడూ ముఖ్యమైనవి. నాలుగు రెట్ల వీవర్ కె4 కొంచెం చవక. మిగిలిన రెండూ కొంచెం పై ధర. బైబిలులా చదివే వేట పత్రికల్లో జాక్ ఓకానర్ అనే రచయిత మామూలు వేటకు నాలుగు రెట్లు చాలునని రాసేవాడు.

మన భాషలో చెప్పాలంటే ఇది మూడు కొటేషన్ల ఫైలు. తేడా మూడు రెట్లుంటే కంపారేటివ్ స్టేట్‌మెంట్ దానంతట అదే తయారవుతుంది. తేడా కొద్దిపాటిదైతేనే గుమాస్తాకు తలనొప్పి. లోయెస్ట్ కాదని పక్కన పెడితే ఆడిట్ వారు అడుగుతారు, తీసుకుంటే ఫీల్డు వారు తిడతారు. దుకాణంలో ట్యూబులైటు కింద మూడూ తళతళలాడుతూనే కనబడతాయి. అసలు తేడాలు దుకాణంలో కనబడనివి. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు గురి కదలకుండా ఉంటుందా? వానలో ఆవిరి పడుతుందా? గురి సరిచేసినప్పుడు తీగలు వృత్తం మధ్యనే ఉంటాయా? పాత వాటిలో తీగలు ఓ మూలకు జరిగిపోయేవి. 1960లలో ఆ లోపం పోయింది. 1962లో లుపోల్డ్ వారు అంచుల్లో లావు, మధ్యలో సన్నంగా ఉండే తీగలు తెచ్చారు. లావు భాగం మసక వెలుతురులో కన్నును మధ్యకు నడిపిస్తుంది. ఇప్పుడు అందరూ దాదాపు అదే పెడుతున్నారు. పోటీలో గెలిపించినవి ఇలాంటివే తప్ప రెట్లు కావు.

మన దగ్గర ఈ మధ్య ధర బజారు ఏర్పడనే లేదు. దుర్భిణి రాజాల, దొరల ఇళ్లలోనిది. చిత్తూరు జిల్లా చామల లోయలో నరమాంసం మరిగిన పులిని వెంటాడిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఎక్కువగా ఉండేది దుర్భిణి లేని .405 వించెస్టర్. మన అడవిలో పులి కనబడేది పదిపదిహేను గజాల్లో, దుర్భిణికి చోటెక్కడ? పైన చెప్పిన ఓకానర్ కూడా 1955లో మన దేశంలో పులి వేటకు వచ్చి వెళ్లినవాడే. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో లైసెన్సు వేట కూడా దాదాపు ముగిసింది. మంచిదే అయింది. అందుచేత ఈ ఎంపిక సంగతి చూడాలంటే నేను సముద్రం దాటవలసి వచ్చింది.

2019లో కొలరాడోలో మా పెద్దవాడి ఇంట్లో ఆరు నెలలు ఉన్నాను. పక్కింటాయన పోస్టాఫీసులో చేసి రిటైరైనవాడు, నా ఈడువాడే. ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు ఏటా లైసెన్సు తీసుకునేవాడు. అంతకు ముందు ఏడు ఏదో చవక దుర్భిణి గురి తప్పి, జంతువు గాయపడి, రాత్రంతా లాంతరుతో నెత్తురు జాడ వెతికాడట. దొరకలేదు. ఆ మాట చెబుతూ ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు. నాకు వేట గిట్టదు, అయినా ఆయన బాధ అర్థమైంది. తక్కువ కొటేషన్ నష్టం అక్కడ మూగజీవి భరించింది.

కొత్తది రెండు, మూడు వందల డాలర్లలో కొనాలి. మిగిలినవి రెండు. ఒకటి లుపోల్డ్ విఎక్స్ ఫ్రీడం. రెండవది బరిస్ ఫుల్‌ఫీల్డ్. రెడ్‌ఫీల్డ్‌లో పనిచేసిన డాన్ బరిస్ 1971లో అదే కొలరాడోలోని గ్రీలీలో పెట్టిన కంపెనీ అది. రెండూ మూడు నుంచి తొమ్మిది రెట్లు, రెంటికీ ముందు కటకం 40 మిల్లీమీటర్లే. “నాన్నా, మీ ఇన్‌స్ట్రుమెంట్ల అనుభవంతో ఏమైనా చెప్పగలరా అని అడుగుతున్నారు” అన్నాడు మావాడు.

నాకు తెలిసిన లెక్క చెప్పాను. కటకం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి కట్ట వెడల్పు వస్తుంది. నాలుగు రెట్ల దగ్గర 10 మిల్లీమీటర్లు, తొమ్మిది దగ్గర నాలుగున్నరకు లోపు. చీకట్లో కుర్రవాడి కనుపాప ఏడు దాకా విచ్చుకుంటుంది, మా వయసువాళ్లది ఐదు కూడా దాటదు. కాబట్టి సందెవేళ రెట్లు తగ్గించుకుంటే చాలు, ఇంకా పెద్ద కటకానికి డబ్బు పోయనక్కరలేదు. రెండవ మాట, సాయంత్రం దుకాణం బయటికి తెచ్చి చూడాలి. కన్ను అటూఇటూ జరిపితే తీగలు లక్ష్యం మీద ఎంత జరుగుతాయో గమనించాలి. సర్వేలో దీనిని పారలాక్స్ అంటాం, వారూ అదే అంటారు. మూడవది, కళ్లద్దాలతో చూడాలి.

నిర్ణయం కళ్లద్దాల దగ్గరే తేలింది. వెలుతురులో రెండూ సమానమే. లుపోల్డ్‌లో కన్ను మరికాస్త వెనుక ఉన్నా వృత్తం నిండుగా కనబడింది. తుపాకీ తన్నినప్పుడు కనుబొమకు, అద్దాలకు దెబ్బ తగలదు. అది కొని, మిగిలిన డబ్బుతో గట్టి బిగింపు కొన్నాడు. చవక బిగింపు మీద మంచి దుర్భిణి పెట్టడం, కాళ్లు ఊగే స్టాండు మీద థియోడొలైటు పెట్టడం ఒకటే. వాళ్ల నాన్నగారి వీవర్ కె4ను మాత్రం చిన్న తుపాకీ మీద మనవడి కోసం ఉంచాడు. ఎల్‌పాసో ఫ్యాక్టరీ 1980లలో మూతపడినా ఆ ఉక్కు గొట్టం చెక్కుచెదరలేదు. డెన్వర్‌లో రెడ్‌ఫీల్డ్ 1998లో మూతపడితే, 2008లో ఆ పేరును లుపోల్డ్ వారే కొనుక్కున్నారు.

ఆ శరత్కాలం నేను తిరిగి వచ్చాక మావాడు ఫోను చేశాడు. అక్కడ సూర్యాస్తమయం తరువాత అర్ధగంట దాటితే వేటాడరాదని నిబంధన. పక్కింటాయన నాలుగు రోజులు కొండ మీద కూర్చుంటే చివరి సాయంత్రం పెద్ద దుప్పి వచ్చింది, కొత్త దుర్భిణిలో కొమ్ముల చీలికలు సైతం కనబడ్డాయట. గడియారం చూస్తే గడువు దాటి మూడు నిమిషాలు. తుపాకీ దించి ఇంటికి వచ్చేశాడు. ఆ ఏడు వారింట మాంసం బజారు నుంచే తెచ్చుకున్నారు.