టీకా పెట్టె మీద రెండు పేర్లు

హైదరాబాద్‌కు ఉత్తరాన, శామీర్‌పేట చెరువు దాటాక తుర్కపల్లి వస్తుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్కడ 200 ఎకరాలు ఇస్తే, ఐసీఐసీఐ డబ్బు పెట్టి పరిశోధనల కోసం నాలెడ్జ్ పార్కు కట్టింది. భూమి ఒకరిది, పెట్టుబడి మరొకరిది. ఆ చుట్టుపక్కల వెలసిన టీకాల, ఔషధ పరిశోధనల కేంద్రం జీనోమ్ వ్యాలీ అలా పొత్తుల మీదే పెరిగింది. ఇక్కడి పేరున్న టీకాల వెనక శాస్త్రవేత్తలతోపాటు ఒప్పందాలు రాసిన వకీళ్లూ ఉన్నారు, వాళ్లను ఎవరూ తలుచుకోరు గానీ.

పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటావైరస్ మీద తయారైన రోటావాక్‌నే చూడండి. 116ఈ అనే వైరస్ రకం 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల్లో దొరికింది. దాన్ని టీకాగా మార్చే పనిలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ సంస్థలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాథ్, గేట్స్ ఫౌండేషన్ కలిశాయి. తయారీ బాధ్యత జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ కంపెనీది. ఇంతమంది ఉన్నచోట లాభం దగ్గరే పేచీ రావాలి. కానీ లైసెన్సు రాకముందే డోసు ఒక డాలరుకు ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. 6,799 మంది శిశువుల మీద పరీక్షలు జరిగాక 2015 మార్చిలో టీకా విడుదలైంది.

కరోనా కాలంలో అంత తీరిక లేదు.

2020 మేలో కొవాగ్జిన్ టీకా కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), భారత్ బయోటెక్ చేతులు కలిపాయి. పుణె వైరాలజీ సంస్థ వేరుచేసిన వైరస్ తుర్కపల్లికి చేరింది. ఒప్పందంలో ఏముందో మాత్రం జనానికి ఏడాది దాటాక, 2021 జులైలో, పార్లమెంటు ద్వారా తెలిసింది: నికర అమ్మకాల మీద ఐసీఎంఆర్‌కు రాయల్టీ, దేశ అవసరాలకు మొదటి పీట, మేధోహక్కులు ఇద్దరివీ, టీకా పెట్టెల మీద ఐసీఎంఆర్ పేరు. ఆ సంస్థ సుమారు 35 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టింది. 2022 ఆరంభానికే 170 కోట్లకు పైగా రాయల్టీ తిరిగొచ్చింది. సర్కారు పొత్తుల్లో ఇంత రాబడి అరుదు.

అదే జీనోమ్ వ్యాలీలో యూనిట్లున్న బయలాజికల్-ఇ వేరే దారి పట్టింది. దాని కరోనా టీకా కార్బెవాక్స్‌కు మూలమైన పరిజ్ఞానాన్ని హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాల పేటెంట్ లేకుండానే అందించింది. అనుమతి రావడానికి నెలల ముందే, 2021 జూన్‌లో, 30 కోట్ల డోసుల కోసం కేంద్రం 1,500 కోట్లు ముందుగా ఇవ్వడానికి ఒప్పుకుంది. నష్టభయంలో సింహభాగాన్ని ప్రభుత్వమే నెత్తికెత్తుకుందన్నమాట.

కొవాగ్జిన్ ఒప్పందపు కాగితం మాత్రం మళ్లీ బయటికి రావాల్సి వచ్చింది. పేటెంటు దరఖాస్తులో ఐసీఎంఆర్ పేరు లేదని 2024 జూన్‌లో వార్తలొచ్చాయి. పెట్టె మీదున్న పేరు హక్కుపత్రంలో ఎందుకు లేదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. కావాలని చేసింది కాదని కంపెనీ చెప్పింది. త్వరగా దరఖాస్తు చేయాల్సి వచ్చిందని, ఒప్పందం రహస్యపత్రం కావడంతో దాని ప్రతి అప్పుడు అందుబాటులో లేదని వివరణ ఇచ్చింది. సంతకం పెట్టినవాళ్లకే అందనంత భద్రంగా ఒప్పందాన్ని దాచడం విడ్డూరమే. ఐసీఎంఆర్‌ను సహయజమానిగా చేర్చే ప్రక్రియ మొదలుపెట్టామని కూడా ఆ ప్రకటనలోనే ఉంది.