వెండీ రెనార్

వెండీ తెరేస్ రెనార్ (జననం: 1990 జులై 20) ఫ్రాన్స్‌కు చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి. ఆడే స్థానం సెంటర్ బ్యాక్, ఎత్తు 1.87 మీటర్లు, చొక్కా మీద అంకె 3. పదహారేళ్ల ప్రాయంలో, 2006లో లియోన్ క్లబ్‌లో చేరింది. ఆ తర్వాత మరే క్లబ్‌కూ మారలేదు. 2011 నుంచి 2022 వరకు లియోన్ గెలిచిన ఎనిమిది యూరప్ చాంపియన్స్ లీగ్ కప్పుల్లోనూ ఆమెకు వాటా ఉంది. ఫ్రాన్స్ తరఫున 160కి పైగా మ్యాచ్‌లు ఆడి, చాలా ఏళ్లు సారథ్యం వహించినా ప్రపంచ కప్, యూరో, ఒలింపిక్స్‌లలో ఒక్కదాని ఫైనల్‌నూ చూడలేదు. క్లబ్‌లో పట్టిందల్లా బంగారం, దేశం జట్టులో చేతికందేలోపే చేజారిన కప్పులు. ఆమె ఆట జీవితం ఈ రెంటి మధ్యే సాగింది.

మార్టినీక్ నుంచి లియోన్‌కు

ఆమె పుట్టింది ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో కాదు, దాదాపు ఏడు వేల కిలోమీటర్ల దూరంలో, కరీబియన్ సముద్రంలో ఫ్రెంచి పాలన కింద ఉన్న మార్టినీక్ దీవిలో. పెరిగిన ఊరు ల ప్రెషూర్, దీవి ఉత్తర కొసన పెలే అగ్నిపర్వతం పాదాల దగ్గరున్న చిన్న పల్లె. నలుగురు అక్కచెల్లెళ్లలో వెండీ చివరిది. ఆమెకు ఎనిమిదేళ్ల వయసులో తండ్రి ఊపిరితిత్తుల కేన్సర్‌తో చనిపోయాడు. ఊళ్లోని ఎసార్ ప్రెషోతాఁ క్లబ్‌లో మగపిల్లలతో కలిసి ఆట మొదలుపెట్టి, తర్వాత లొరాఁ ఊరి రాపిద్ క్లబ్‌కు మారింది.

పదిహేనేళ్లు దాటాక ఫ్రెంచి సమాఖ్య అమ్మాయిలకు శిక్షణనిచ్చే క్లేర్‌ఫోంతేన్ కేంద్రంలో ఎంపిక పరీక్షకు హాజరైంది. తీసుకోలేదు. అంత దూరం వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లేలోపు లియోన్‌లో మరో అవకాశం దొరికింది. అప్పటి లియోన్ కోచ్ ఫరీద్ బెన్‌స్తితీ ఆమె ఆట చూసి జట్టులోకి తీసుకున్నాడు. దేశంలోకెల్లా పెద్ద శిక్షణ కేంద్రం వద్దన్న పిల్ల ఆ దేశపు జట్టుకే కెప్టెన్ అయింది. ఎంపిక పరీక్షల మీద మరీ నమ్మకం పెట్టుకునేవారికి ఈ ఉదంతం గుర్తు చేయాల్సిందే.

ఆమె వచ్చే నాటికి ఫ్రాన్స్‌లో మహిళల ఫుట్‌బాల్ పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. 1941లో విషీ ప్రభుత్వం ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ను నిషేధించింది. సమాఖ్య మళ్లీ అధికారికంగా గుర్తించింది 1970లో. జీతం తీసుకుని ఆడే క్రీడాకారిణులు 2000 దశకం మధ్యలో కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. లియోన్ అధ్యక్షుడు జాఁ మిషెల్ ఓలాస్ 2004లో ఎఫ్.సి. లియోన్ క్లబ్ మహిళల విభాగాన్ని తన క్లబ్‌లో కలుపుకుని, మగవాళ్ల జట్టుతో పాటే దాని మీదా డబ్బు పెట్టడం మొదలుపెట్టాడు. రెనార్ సరిగ్గా ఆ పెట్టుబడి ఫలించే వేళకు చేరింది. ఆమె మొదటి సీజన్ 2006-07లోనే లియోన్ జాతీయ లీగ్ గెలిచింది. అక్కడి నుంచి 2019-20 దాకా వరసగా 14 ఏళ్లు ఆ టైటిల్ మరొకరికి పోలేదు. 2021లో పారిస్ సెంట్ జెర్మెన్ ఆ వరసను తెంచింది, మరుసటి ఏడాదే లియోన్ దాన్ని తిరిగి తీసుకుంది.

చాంపియన్స్ లీగ్

2010 మేలో హెతాఫేలో జరిగిన మొదటి ఫైనల్ చేదు అనుభవం. జర్మనీకి చెందిన టుర్బైన్ పోట్స్‌డామ్‌తో గోల్ లేకుండా ఆట ముగిసింది, షూటౌట్‌లో లియోన్ 6-7తో ఓడింది. ఏడాది తిరిగేసరికి లండన్‌లోని క్రేవెన్ కాటేజ్ మైదానంలో మళ్లీ అదే ప్రత్యర్థి. 27వ నిమిషంలో తొలి గోల్ కొట్టింది ఇరవై ఏళ్ల డిఫెండర్ రెనార్. 2-0తో క్లబ్‌కు తొలి యూరప్ కప్పు వచ్చింది. 2012లో ఫ్రాంక్‌ఫర్ట్‌ను ఓడించి రెండోది గెలిచారు. 2013 ఫైనల్‌లో వోల్ఫ్స్‌బర్గ్ చేతిలో ఓటమి. ఆ తర్వాత 2016 నుంచి 2020 వరకు వరసగా ఐదు కప్పులు. మహిళల చాంపియన్స్ లీగ్‌లో ఇంకెవరూ ఆ దరిదాపులకు రాలేదు. 2022లో తురిన్‌లో బార్సెలోనాను 3-1తో ఓడించి ఎనిమిదోది అందుకున్నప్పుడు కెప్టెన్ రెనారే. అదే సీజన్‌లో ఈ పోటీలో 100 మ్యాచ్‌లు ఆడిన తొలి క్రీడాకారిణి అయింది. ఎనిమిది కప్పుల ఘనతలో ఆమెకు తోడు మరో లియోన్ ఆటగత్తె, ఫార్వర్డ్ యూజెనీ ల సొమ్మేర్.

చుట్టూ ఎందరో వచ్చి వెళ్లారు: జపాన్ నుంచి సాకీ కుమగాయ్, ఇంగ్లండ్ నుంచి లూసీ బ్రాంజ్, కెనడా నుంచి కడీషా బుకానన్. కోచ్‌లూ మారుతూనే ఉన్నారు. వారిలో 2014 నుంచి 2017 దాకా ఉన్నాయన పేరు జెరార్ ప్రెషూర్, అచ్చం ఆమె ఊరి పేరే. 2019లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక వేసిన జీతాల జాబితాలో ఆదా హెగెర్‌బెర్గ్, అమందీన్ ఆఁరీల తర్వాత మూడో స్థానం రెనార్‌ది. ఏడాదికి 3,48,000 యూరోలు. ముగ్గురూ లియోన్ వాళ్లే. మగవాళ్ల జీతాలతో పోలిస్తే ఇది చిల్లర కిందే లెక్క, అయినా గోల్స్ కొట్టనవసరం లేని స్థానంలో ఆడేవారికి అంత ఇచ్చారంటే ఆమె విలువ క్లబ్‌కు తెలుసు. 2020లో యూరప్ ఫుట్‌బాల్ సంఘం ఆమెను ఆ సీజన్ ఉత్తమ డిఫెండర్‌గా ఎంపిక చేసింది.

ఆట తీరు

రెనార్‌ది మెరుపు పరుగు కాదు. వేగంగా దూసుకొచ్చే ఫార్వర్డ్‌లు ఆమెను ఇబ్బంది పెట్టిన సందర్భాలున్నాయి. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడటం ఆమె పద్ధతి. వెనక నుంచి మైదానం అవతలి అంచుకు ఐమూలగా కొట్టే పొడవాటి పాస్ మరో బలం. కానీ జనం గుర్తుపెట్టుకున్నది కార్నర్ కిక్. ఆమె గోల్ ముందర గుంపులో చేరకుండా కాస్త వెనక నుంచి మొదలై, బంతి గాలిలోకి లేచాక దూరపు పోస్ట్ వైపు అడుగులు వేస్తుంది. కాపలా కాసేవాళ్లు బంతిని చూడాలా, ఆమెను చూడాలా తేల్చుకునేలోపే తల తగులుతుంది. ఇద్దరిని ఆమె మీద పెడితే ఇంకొకరికి దారి దొరుకుతుంది. పెనాల్టీలు కొట్టే బాధ్యత కూడా తరచూ ఆమెదే. ఒక డిఫెండర్ దేశం తరఫున 35కి పైగా గోల్స్ ఎలా కొట్టిందన్న ప్రశ్నకు జవాబు ఈ రెండింటిలోనే ఉంది.

నీలి చొక్కాలో

2011 మార్చిలో స్విట్జర్లాండ్ మీద తొలి అంతర్జాతీయ మ్యాచ్. ఆ ఏడాది ప్రపంచ కప్‌లోనూ, మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌లోనూ ఫ్రాన్స్ నాలుగో స్థానంలో ఆగింది. ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో స్వీడన్‌పై గెలుపు గోల్ రెనార్‌దే. 2013లో కొత్త కోచ్ ఫిలిప్ బెర్జెరో ఆమెకు కెప్టెన్సీ ఇచ్చాడు. 2013 యూరో, 2015 ప్రపంచ కప్, 2016 ఒలింపిక్స్, 2017 యూరో – నాలుగింటిలోనూ జట్టు క్వార్టర్ ఫైనల్ గడప దాటలేదు. 2017లో పగ్గాలు చేపట్టిన కోరిన్ దియాక్ర్ కెప్టెన్సీని రెనార్ నుంచి తీసి అమందీన్ ఆఁరీకి అప్పగించింది.

2019 ప్రపంచ కప్ సొంతగడ్డ మీద జరిగింది. ఆ మూడు వారాల్లో రెనార్‌కు జరగనిది లేదు. జూన్ 7న పారిస్‌లో దక్షిణ కొరియాతో తొలి మ్యాచ్: కార్నర్ కిక్‌ల నుంచి రెండు హెడర్లు, ఫ్రాన్స్ 4-0. ఐదు రోజులకు నీస్‌లో నార్వేతో ఆటలో గోల్ ముందుకొచ్చిన బంతిని అడ్డుకోబోయి తన వలలోకే తోసింది. సెల్ఫ్ గోల్ అయినా జట్టు 2-1తో గట్టెక్కింది. జూన్ 17న రెన్‌లో నైజీరియాతో మ్యాచ్ చివరి అంకంలో పెనాల్టీ దొరికింది. రెనార్ కొట్టిన బంతి పోస్ట్‌కు తగిలి బయటికి పోయింది. నైజీరియా సంబరం ముగియకముందే వీడియో రెఫరీ చూసి, గోల్‌కీపర్ చియామకా న్నడోజీ ముందుగానే గీత దాటిందని తేల్చారు. మళ్లీ కొట్టమన్నారు. 79వ నిమిషంలో రెండోసారి గోల్ అయింది, అదే మ్యాచ్ ఫలితం. కొత్త నిబంధన మీద గగ్గోలు ఎంతగా రేగిందంటే, గీత దాటిన కీపర్‌కు తప్పనిసరి పసుపు కార్డు నియమాన్ని షూటౌట్‌ల వరకు నాలుగు రోజులకే పక్కన పెట్టాల్సి వచ్చింది. నియమం ప్రకారం పెనాల్టీని మళ్లీ కొట్టించడం సరైన నిర్ణయమే. నైజీరియా కోణంలో చూస్తే మాత్రం మింగుడు పడనిది. జూన్ 28న క్వార్టర్ ఫైనల్‌లో అమెరికా మీద 81వ నిమిషంలో మళ్లీ రెనార్ తలే తగిలింది, కానీ అప్పటికే మెగన్ రపినో రెండు గోల్స్ కొట్టేసింది. 1-2తో ఇంటిదారి. నాలుగు గోల్స్ కొట్టిన డిఫెండర్ మోసిన జట్టు అది.

2021లో కెప్టెన్సీ తిరిగి ఆమె చేతికి వచ్చింది. 2022 యూరోలో సెమీస్‌లో జర్మనీ 2-1తో ఆపింది. కోచ్ దియాక్ర్‌తో మాత్రం పొసగలేదు. 2023 ఫిబ్రవరి 24న, ప్రపంచ కప్‌కు అయిదు నెలల ముందు, జట్టు నడుస్తున్న తీరుకు ఇక మద్దతు ఇవ్వలేనని, తన మానసిక ఆరోగ్యం కాపాడుకోవడానికి తప్పుకుంటున్నానని రెనార్ ప్రకటించింది. అదే రోజు సహచరులు మారీ ఆంత్వానెత్ కతొతో, కాదిదియాతు దియానీ ఆమె బాటే పట్టారు. రెండు వారాల్లో, మార్చి 9న, సమాఖ్య దియాక్ర్‌ను తొలగించింది. వచ్చిన కొత్త కోచ్ ఎర్వే రెనార్. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. మగవాళ్ల ప్రపంచ కప్‌లో సౌదీ అరేబియాను అర్జెంటీనాపై గెలిపించిన మనిషి. వెండీ తిరిగి వచ్చింది. ప్రపంచ కప్‌లో, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జులై 29న బ్రెజిల్‌తో స్కోరు 1-1గా ఉండగా సహచరి సెల్మా బాషా కార్నర్ కొట్టింది. దూరపు పోస్ట్ దగ్గర వెండీ పక్కన ఎవరూ లేరు. 83వ నిమిషంలో గెలుపు గోల్. పదేళ్లుగా అందరికీ తెలిసిన ఎత్తుగడే అయినా బ్రెజిల్ ఆమెను వదిలేయడం ఆశ్చర్యం. ఆ కప్‌లోనూ ఫ్రాన్స్ క్వార్టర్ ఫైనల్‌లోనే, ఆస్ట్రేలియా చేతిలో షూటౌట్‌లో వెనుదిరిగింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే బ్రెజిల్ నాంత్‌లో 1-0తో పగ తీర్చుకుంది.

ఆ తర్వాత వచ్చిన కోచ్ లోరాఁ బొనదే 2025 యూరో జట్టులోకి రెనార్‌ను గానీ ల సొమ్మేర్‌ను గానీ తీసుకోలేదు. ఫలితాలు మారాలంటే మనుషులు మారాలన్నది ఆయన వాదన. బాసెల్‌లో క్వార్టర్ ఫైనల్ జరిగింది. పదమూడో నిమిషంలోనే ఒకరిని కోల్పోయి పది మందితో ఆడిన జర్మనీ మీద ఫ్రాన్స్ 1-1 దాటలేక, షూటౌట్‌లో ఓడింది.