ఎముకలు విరగడానికి కారణాలు, తొలి గంట విలువ

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కొలువుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. 49వ, 130వ జాతీయ రహదారులు ఈ నగరాన్ని తాకుతూ సాగుతాయి. కోర్బా గనుల బొగ్గును మోసే భారీ లారీలు, ద్విచక్రవాహనాలు, పాదచారులు ఒకే దారిని పంచుకోవలసి రావడం ఈ ప్రాంతంలో ప్రమాదాలకు ఆస్కారం కల్పిస్తోంది.

తాను తట్టుకోగలిగిన దానికి మించిన బలం తగిలినప్పుడు ఎముక విరుగుతుంది. వాహన వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయని, 1,68,491 మంది మరణించారని, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక తెలిపింది. మృతుల్లో 44.5 శాతం మంది ద్విచక్రవాహనాలపై ప్రయాణిస్తున్నవారే.

దెబ్బ తగిలే తీరును బట్టి విరిగే ఎముక మారుతుంది. కారు ముందుభాగం తగిలిన పాదచారికి మోకాలి కింది ఎముక విరుగుతుంది. అక్కడ ఎముకపై కండ పలుచన కనుక అది చర్మాన్ని చీల్చుకొని బయటపడే అవకాశం ఎక్కువ. బైకుపై నుంచి భుజం మీద పడినవారికి మెడ పక్కనున్న జత్రుక, చేయి ఆనించి పడినవారికి మణికట్టు దెబ్బతింటాయి. కారులో ముందు కూర్చున్నవారి మోకాళ్లు ఎదుటి బల్లకు గుద్దుకుంటే తుంటి కీలు తొలగవచ్చు. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు ఇంట్లో జారిపడినా తుంటి విరుగుతుంది.

రైల్వే పట్టణాల్లో మరో ముప్పు పట్టాలు దాటడం, కదిలే రైలు ఎక్కడం. ఇలాంటి ప్రమాదాల్లో ఎముకతోపాటు కండ, రక్తనాళాలు కూడా నలిగిపోతాయి. అనుమతి లేకుండా పట్టాలపైకి వెళ్లడం 1989 నాటి రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం శిక్షార్హం.

తొడ ఎముక విరిగితే లోలోపలే లీటరుకు పైగా రక్తం కారిపోవచ్చు. అందుకే గాయపడిన తర్వాతి తొలి గంట కీలకం. క్షతగాత్రుని అనవసరంగా కదిలించరాదు. మెడ, వెన్ను గాయాల అనుమానం ఉంటే మరింత జాగ్రత్త అవసరం. రక్తం కారుతున్న చోట శుభ్రమైన బట్టతో అదిమిపట్టాలి. ఎముక బయటికి వస్తే దానిని లోపలికి నెట్టకుండా, చుట్టూ మాత్రమే అదమాలి. విరిగిన అవయవాన్ని ఉన్నది ఉన్నట్లే చెక్క బద్దతో ఆనించి కట్టాలి. మర్దన చేయడం, బిగుతుగా నాటు కట్టు వేయడం వల్ల రక్తప్రసరణ నిలిచి అవయవాన్నే కోల్పోయే ప్రమాదం ఉంది.

పోలీసు కేసు భయంతో వెనుకడుగు వేయనవసరం లేదు. సాయం చేసినవారికి మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది. 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద బాధితులకు ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల మేర నగదు రహిత చికిత్స లభిస్తుంది. అత్యవసర సహాయానికి 108 లేదా 112 నంబరుకు ఫోన్ చేయవచ్చు.