చిట్టా నిండినప్పుడు: కంప్యూటరు దినచర్యల చరిత్ర

దుకాణము నడుపువాడు ప్రతి దినము జరిగిన క్రయవిక్రయములను వరుసగా చిట్టాలో వ్రాసికొనును. తరువాత వాటిని పద్దుల వారీగా విడదీసి ఆవర్జాలోనికి ఎక్కించును. లెక్క తేలనప్పుడు అతడు తిరిగి చూచునది చిట్టానే. కంప్యూటరు కూడ ఇట్టి చిట్టాను ఎల్లవేళల వ్రాయుచుండును. ఏ గంటకు ఎవరు లోనికి ప్రవేశించినారు, ఏ ప్రోగ్రాము ఎప్పుడు మొదలైనది, ఏ పని ఏ కారణమున చెడినది అను విషయములు ఒక్కొక్క పంక్తిగా అందులో చేరుచుండును. దీనికి ఇంగ్లీషులో ‘లాగ్’ అని పేరు.

అయితే ఈ రెండు చిట్టాలకును ఒక భేదము కలదు. పుస్తకములో పుటలు అయిపోయినప్పుడు దుకాణదారుడు ఆగి, క్రొత్త పుస్తకము తెచ్చుకొనును. కంప్యూటరు ఆగదు. డిస్కులో చోటున్నంతవరకు వ్రాయుచునే పోవును. ఆ చోటు ఇతర పనులకు అవసరమైనదే అయినను ఊరకుండదు. తుదకు డిస్కు నిండి, యంత్రము చేయవలసిన అసలు పనియే నిలిచిపోవును. ఈ చిక్కు ఎట్లు పుట్టినదో, దానికి విరుగుడు ఎట్లు దొరికినదో తెలిసికొందము.

దుంగ నుండి పుస్తకమునకు

‘లాగ్’ అనగా దుంగ. పూర్వము నావికులు ఓడ వేగమును కొలుచుటకు ఒక కొయ్యముక్కను త్రాటికి కట్టి సముద్రములో వేసెడివారు. కొయ్యముక్క నీటిలో ఉన్నచోటనే నిలువగా, ఓడ ముందుకు సాగినకొలది త్రాడు విడివడుచుండెడిది. ఇసుక గడియారము ఖాళీ అగునంతలో ఎంత త్రాడు పోయినదో చూచి వేగము నిర్ణయించెడివారు. విలియం బోర్న్ అను ఆంగ్లేయుడు 1574లో ప్రచురించిన గ్రంథములో ఈ పద్ధతిని వర్ణించినాడు. ఈ కొలతలను వ్రాసి ఉంచిన పుస్తకమునకు దుంగ పేరే స్థిరపడినది. క్రమముగా ఓడలో జరిగిన సమస్త విషయములను గంటల వారీగా వ్రాయు దినచర్యకు ఆ పేరు వాడుకలోనికి వచ్చినది.

కంప్యూటర్ల తొలిదినములలో కూడ చిట్టా కాగితము మీదనే ఉండెడిది. 1964లో ఐబీయం సంస్థ ప్రకటించిన సిస్టం 360 యంత్రముల ప్రక్కన టైపురైటరు వంటి పరికరము ఉండెడిది. యంత్రము తన సందేశములను దాని మీద అచ్చొత్తెడిది. కాగితము పెరిగిన బీరువా నిండును గాని, యంత్రము ఆగదు. డిస్కు మీద చోటు ఆనాడు మిక్కిలి విలువగలది. 1956లో అదే సంస్థ తయారుచేసిన రామాక్ యంత్రపు డిస్కులో రెండడుగుల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెడివి. అన్నియు కలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే భద్రపరచగలిగెడివి. అట్టిచోట చిట్టా వ్రాయుట ఎవరికిని తోచెడి పని కాదు.

అందరికి ఒకే లేఖకుడు

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ‘యూనిక్స్’ అను నిర్వహణ వ్యవస్థ పుట్టినది. నాటికి డిస్కులు కొంత చౌకయైనవి. ప్రతి ప్రోగ్రామును తన చిట్టాను తనకు తోచిన తీరున వ్రాసికొనుచుండెడిది. 1980వ దశకపు తొలి సంవత్సరములలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో ఎరిక్ ఆల్మన్ అను ఆయన ఉత్తరములను చేరవేయు ‘సెండ్‌మెయిల్’ అను ప్రోగ్రామును రచించినాడు. దాని చిట్టా కొరకు ‘సిస్‌లాగ్’ అను ఏర్పాటు చేసినాడు. ఇది గ్రామమునకు ఒక కరణము వంటిది. ప్రోగ్రాములన్నియు తమ సంగతులు ఇతనికి చెప్పును, ఇతడు కాలము వేసి వ్రాసికొనును. సంగతుల తీవ్రతను బట్టి 0 నుండి 7 వరకు ఎనిమిది తరగతులు ఏర్పడినవి. 0 అనగా యంత్రము పనికిరాని స్థితి, 7 అనగా తప్పులు వెదకువారికి మాత్రమే పనికివచ్చు సూక్ష్మ వివరము. ఇతర ప్రోగ్రాములు కూడ దీనినే అవలంబించినవి. 2001లో ఈ పద్ధతిని వర్ణించు పత్రము, 2009లో దాని ప్రమాణము వెలువడినవి.

వ్రాయుట సులభమైనకొలది వ్రాత పెరుగుట సహజము. చిట్టా ఎంత వేగముగ ఉబ్బగలదో ఒక లెక్క వేసి చూతము. ఒక పంక్తికి 100 అక్షరములు అనుకొందము. నిమిషమునకు ఒక పంక్తి చొప్పున దినమునకు 1,440 పంక్తులు, అనగా 1,44,000 అక్షరములు అగును. ఇది ఏ డిస్కునకును భారము కాదు. కాని ఒక ప్రోగ్రాము చెడిపోయి, అదే ఫిర్యాదును సెకండునకు 1,000 మార్లు వ్రాయుచున్నదనుకొందము. దినమునకు 86,400 సెకండులు గనుక చేరు అక్షరములు 864 కోట్లు, అనగా ఎనిమిది గిగాబైట్లకు పైమాట! పది దినములలో 80 గిగాబైట్లు దాటును. హఠాత్తుగా ఉబ్బిన చిట్టాకు కారణము తరచుగా యంత్రపు వయస్సు కాదు, ఎచ్చటనో దాగియున్న దోషము. అందువలననే సిస్‌లాగ్ వెనుకటి సందేశమే మరల వచ్చిన దానిని తిరిగి వ్రాయక, ‘పై సందేశము ఇన్ని మార్లు వచ్చినది’ అని ఒకే పంక్తి వ్రాయుటకు అలవాటుపడినది.

డిస్కు నిండిన పిమ్మట వచ్చిన ఉత్తరము నిలువదు, విద్యార్థి వ్రాసిన పాఠము భద్రము కాదు. అన్నిటికంటె విచిత్రమేమనగా, ఏమి జరిగినదో వ్రాయుటకు చిట్టాకే చోటుండదు. 1984లో బర్క్లీ శాస్త్రజ్ఞులు వర్ణించిన ఫైళ్ల అమరికలో డిస్కున పదవవంతు ఖాళీగా మిగిల్చి, నిర్వాహకుడు తప్ప ఇతరులు ముట్టకుండ చేసినారు. వేగము తగ్గకుండుట దాని ముఖ్యోద్దేశము. ఆపత్కాలమున అది అక్కరకు కూడ వచ్చును. కాని సిస్‌లాగ్ సాధారణముగ నిర్వాహకుని అధికారముతోనే నడచెడిది. కావున దాచిన చోటును కూడ అదే తినివేయగలదు.

డెబ్బది అయిదు సెంట్ల పాఠము

అట్లయిన పాత చిట్టాలను చించి పారవేయరాదా? ఈ ప్రశ్నకు 1986లో జరిగిన ఒక సంఘటన సమాధానము చెప్పుచున్నది. లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలలో కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చినది. ఖగోళ శాస్త్రజ్ఞుడైన క్లిఫర్డ్ స్టోల్ ఆ తేడాకు కారణము వెదకబూని, పరాయివాడెవడో యంత్రములోనికి చొరబడుచున్నాడని కనిపెట్టినాడు. చొరబడినవాడు యంత్రములోని వ్రాతలను మార్చగలడు. కావున స్టోల్ లోనికి వచ్చు తంతులకు అచ్చు యంత్రములను తగిలించి, వాని ప్రతి చర్యను కాగితము మీదికి ఎక్కించినాడు. నెలల తరబడి సాగిన ఆ అన్వేషణ పశ్చిమ జర్మనీలోని హనోవర్ నగరము వరకు దారితీసినది. చిల్లర తేడాయేగదా అని వ్రాతలను తుడిచివేసియున్న ఆ దొంగతనము బయటపడెడిది కాదు. చిట్టా సాక్ష్యము కూడ అగును.

అందుచేత సమస్యకు రెండు ముఖములు ఏర్పడినవి. అంతయు ఉంచిన యంత్రము ఆగును, అంతయు తీసివేసిన సాక్ష్యము పోవును.

చెరువునకు అలుగు

చెరువు త్రవ్వినవారు కట్టకు అలుగు కూడ కట్టుదురు. నీరు ఒక మట్టము దాటిన వెంటనే మిగులు నీరు అలుగు మీదుగా పోవును, కట్ట తెగదు. చిట్టాలకు ఇట్టి అలుగు 1980వ దశకము చివర మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో తయారైన ‘న్యూసిస్‌లాగ్’లో కనిపించుచున్నది. 1990వ దశకములో రెడ్ హాట్ సంస్థవారి ‘లాగ్‌రొటేట్’ ఇదే పనిని లినక్స్ యంత్రములలో చేసినది. దీని పని మిక్కిలి సులభము. వారమునకొకసారి నడచుచున్న చిట్టాకు 1 అను సంఖ్య తగిలించి ప్రక్కన పెట్టును. మునుపటి 1ని 2గా, 2ను 3గా జరుపును. నాలుగు వారములు ఉంచవలెనని నియమించిన, అంతకంటె పాతది తొలగిపోవును. ఎల్లప్పుడు ఇటీవలి నెల చరిత్ర చేతనుండును, డిస్కులో చోటు మితి మీరదు. వారము ముగియకమునుపే ఉబ్బు చిట్టాలకు పరిమాణపు హద్దును కూడ పెట్టవచ్చును. చిట్టాలోని పంక్తులు ఒకదానినొకటి పోలియుండును గనుక వాటిని కుదించుట కూడ సులభము. 1992లో వెలువడిన ‘జీజిప్’ ఇట్టి వ్రాతను మిక్కిలి చిన్నదిగ నొక్కివేయగలదు.

ఇచ్చట అనుభవము లేనివారిని కలవరపెట్టు విషయమొకటి కలదు. యూనిక్స్ వంటి వ్యవస్థలలో పెద్ద చిట్టాను తొలగించినను డిస్కులో చోటు ఒక్కొక్కప్పుడు మిగులదు. ఇంటి గుమ్మము మీది పేరు పలక తీసివేసినంతమాత్రమున లోన కాపురమున్నవారు ఖాళీ చేసినట్లు కాదుగదా! ఫైలు పేరు పోయినను, దానిలో వ్రాయుచున్న ప్రోగ్రాము దానిని మూయునంతవరకు ఆ చోటు విడుదల కాదు. అందుకే చిట్టాను మార్చినప్పుడు ప్రోగ్రామునకు సంకేతము పంపి, క్రొత్త చిట్టాను తెరువుమని చెప్పుదురు.

అంగారకునిపై నిండిన గది

హద్దు మరచిన ఏమగునో 2004లో లోకమంతయు చూచినది. ఆ సంవత్సరము జనవరి 4న అమెరికా పంపిన ‘స్పిరిట్’ అను శకటము అంగారక గ్రహముపై దిగినది. జనవరి 21 నుండి దాని మాటలు తడబడి, నిలిచిపోయినవి. దాని 256 మెగాబైట్ల ఫ్లాష్ నిలువలో ప్రయాణ కాలము నుండి ఫైళ్లు పేరుకొనియుండినవి. అవన్నియు చిట్టాలు కావు గాని, రోగము ఆ జాతిదే. ఫైళ్ల సంఖ్య పెరిగినకొలది వాటి పట్టిక కూడ పెరిగి, పనిచేయు జ్ఞాపకములో ఇమడలేదు. యంత్రము తనంత తానే మరల మొదలైనది. మొదలగునప్పుడు అదే పట్టికను చదువబోయి మరల పడిపోయినది. ఇట్లు 60 మార్లకు పైగా జరిగినది. విశ్రాంతి లేక బ్యాటరీ క్షీణించుచుండెను. ఫ్లాష్ నిలువను ముట్టకుండ మేల్కొనుమని ఇంజనీర్లు భూమి నుండి ఆజ్ఞ పంపినారు. అది ఫలించినది. అనవసరమైన ఫైళ్లను తొలగించి, ఫిబ్రవరిలో నిలువను శుభ్రపరచినారు. 90 అంగారక దినములకై పంపిన ఆ శకటము 2010 మార్చి వరకు భూమితో మాట్లాడినది.

మనము చేయదగినది

2000వ దశకము తరువాత హద్దును ముందే పెట్టుట అలవాటైనది. పెక్కు లినక్స్ యంత్రములలో వాడు ‘సిస్టండీ’ వారి చిట్టా, వేరుగా నియమింపనిచో, డిస్కు విభాగములో పదవవంతునో 4 గిగాబైట్లనో, ఏది తక్కువయో దానిని మించదు. విండోస్‌లోని ముఖ్య సంఘటనల చిట్టాలు కూడ సాధారణముగ 20 మెగాబైట్లు నిండగానే పాతవాటి మీద క్రొత్తవి వ్రాసికొనును. అయినను ప్రతి ప్రోగ్రామును ఈ మర్యాద పాటించునని చెప్పజాలము.

పాఠశాల యంత్రములో డిస్కు నిండినదని తెలిసినప్పుడు తొందరపడి తుడిచివేయరాదు. మొదట ఏ విభాగము నిండినదో, అందు ఏ ఫైలు పెద్దదో చూడవలెను. తరువాత దాని చివరి పంక్తులను చదువవలెను. ఒకే ఫిర్యాదు వేలమార్లు కనిపించిన అదియే దోషము, దానిని ముందు సరిచేయవలెను. పిమ్మట అవసరమైన భాగమును కుదించి వేరొకచోట ఉంచి, మిగిలినది తీసివేయవలెను. తుదకు మరల ఇట్లు జరుగకుండ హద్దు నియమించవలెను. యూనిక్స్ జాతి యంత్రములలో చిట్టాలుండు ‘వార్’ అను భాగమును డిస్కులో వేరుగా ఏర్పరచిన, అది నిండినను మిగిలిన భాగములకు చోటు తక్కువ కాదు.

ఉపాధ్యాయులు పైన చూపిన లెక్కను తరగతిలో చేయించవచ్చును. పంక్తి పొడవు, సెకండునకు పంక్తులు, డిస్కు పరిమాణము ఇచ్చి, అది ఎన్ని గంటలలో నిండునో విద్యార్థులచే కనుగొనజేసిన, చిట్టా వ్రాయుట మొదలుపెట్టిన దినముననే దాని అలుగును కూడ నిర్ణయింపవలెనను సంగతి వారికి చక్కగా బోధపడును.